డాలర్లు వస్తాయంటున్నారు... తీసుకోవచ్చా?

ప్రశ్న: నమస్తే సార్. మేం నలుగురం కలిసి మూడేళ్లుగా మా జిల్లాలో ఒక వార్తల వెబ్‌సైటు, యూట్యూబ్ చానల్ నడుపుతున్నాం. మాలో ఇద్దరం ఇంతకుముందు పేపర్లలో మండల విలేకరులుగా చేసినవాళ్లం. యాడ్ టార్గెట్ల బాధ పడలేక బయటికొచ్చాం. ఇసుక మీద, హాస్టళ్ల మీద, పోడు భూముల మీద చేసిన కథనాలకు మంచి పేరొచ్చింది కానీ డబ్బు రాలేదు. యూట్యూబ్ నుంచి నెలకు పదిహేను, ఇరవై వేల మధ్య వస్తోంది. స్వతంత్ర మీడియాకు విదేశీ సంస్థలు పెద్ద పెద్ద గ్రాంట్లు ఇస్తాయని హైదరాబాద్‌లో ఒకాయన చెప్పాడు. ఒక ట్రస్టు పెట్టి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ తెచ్చుకుంటే ప్రపోజల్ తనే రాసిపెడతాడట. ఖర్చు లక్షన్నర అంటున్నాడు. ఇంకోపక్క డాలస్‌లో ఉన్న మా ఊరివాళ్లు తలా కొంత వేసుకుని నెలనెలా పంపుతామంటున్నారు. మాలో ఒకడు మాత్రం ‘విదేశీ డబ్బు ముట్టుకుంటే మన పని అయిపోయినట్టే’ అని భయపెడుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఉత్తరాంధ్ర నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ముందు ఆ లక్షన్నర ఇవ్వకండి. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే మర్యాదగా వెనక్కి అడగండి.

ఆయన మోసగాడని నేననను. చట్టం చదవకపోయి ఉండొచ్చు. విదేశీ విరాళాల చట్టం, అంటే మనం ఎఫ్‌సీఆర్‌ఏ అనేది, ఇప్పుడున్న రూపంలో 2010 నాటిది. విదేశీ విరాళం అసలు ఎవరు తీసుకోకూడదో అందులో మూడో సెక్షన్ చెబుతుంది. ఎన్నికల అభ్యర్థులు, చట్టసభల సభ్యులు, జడ్జీలు, ప్రభుత్వోద్యోగులు, రాజకీయ పార్టీలు. వాళ్ల పక్కనే మనం కూడా ఉన్నాం: రిజిస్టరైన పత్రికల విలేకరులు, కాలమిస్టులు, కార్టూనిస్టులు, ఎడిటర్లు, యజమానులు. ఆడియో, వీడియో రూపంలో వార్తలు, వర్తమాన వ్యవహారాలు తయారుచేసే లేదా ప్రసారం చేసే సంస్థలు, వాటిలో రాసేవాళ్లు, వాటి యజమానులు కూడా. ఏ ఎలక్ట్రానిక్ మార్గంలో ప్రసారం చేసినా ఇదే వర్తిస్తుంది. అక్షరాల్లో మాత్రమే వార్తలిచ్చే వెబ్‌సైటు సంగతేమిటని లాయర్లు వాదించుకుంటే వాదించుకోనివ్వండి. మీకు యూట్యూబ్ చానల్ ఉంది. ఆ వాదన మిమ్మల్ని కాపాడదు.

ట్రస్టు పెట్టి దాని పేరుతో తెచ్చుకుందామన్న ఆలోచన ఇంకా ప్రమాదం. కొత్తగా పెట్టిన ట్రస్టుకు రిజిస్ట్రేషన్ ఇవ్వరు. మూడేళ్లుగా ఉండాలి, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాల మీద కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. నెలకు ఇరవై వేలు వచ్చే మీరు ఆ లెక్క ఎక్కణ్ణుంచి చూపిస్తారు? ఎలాగో చూపించి తెచ్చుకున్నా, ఆ డబ్బు వార్తల పనికి మళ్లిస్తే చట్టాన్ని అతిక్రమించినట్టే. శిక్ష ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న వేరే ఎన్జీవో ద్వారా తెప్పించుకోవచ్చని ఎవరైనా చెబితే, ఆ దారిని 2020 సవరణ మూసేసింది. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదలాయించకూడదు. 2025లో ఇంకో మెలిక వచ్చింది. ప్రచురణలు చేసే ఎన్జీవో రిజిస్ట్రేషన్ అడిగితే, తను వేసేది వార్తలు కాదని పత్రికల రిజిస్ట్రార్ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఇంతకంటే స్పష్టంగా మనల్ని గుమ్మం బయట నిలబెట్టలేరు.

ఈ చట్టం పుట్టుక గురించి ఒక్క మాట. మొదటి ఎఫ్‌సీఆర్‌ఏ 1976లో, ఎమర్జెన్సీ మధ్యలో వచ్చింది. ఏం జరిగినా ‘విదేశీ హస్తం’ అనే రోజులవి. అప్పట్లో పత్రికలనూ పార్టీలనూ ఒకే గాటన కట్టారు. తర్వాత పార్టీలు మెల్లగా తాడు తెంపుకున్నాయి. విదేశీ కంపెనీల భారతీయ శాఖల నుంచి తీసుకున్న విరాళాల విషయంలో 2014లో ఢిల్లీ హైకోర్టు బీజేపీ, కాంగ్రెస్ రెండూ చట్టాన్ని ఉల్లంఘించాయని తేల్చింది. 2016లో ఒకసారి, 2018లో మరోసారి ఫైనాన్స్ చట్టాల ద్వారా నిర్వచనాన్నే మార్చేసి, ఆ సడలింపును 1976 దాకా వెనక్కి వర్తింపజేసుకున్నారు. విలేకరులు మాత్రం కట్టేసిన చోటే ఉన్నారు. ఇది న్యాయమా అని నన్నడిగితే కాదనే అంటాను. కానీ మీరడిగింది న్యాయం గురించి కాదు, ఏం చేయాలని.

ఇక మీ డాలస్ మిత్రులు. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఉపయోగపడేది ఇదే. విదేశంలో ఉన్నంత మాత్రాన ఎవరి డబ్బూ విదేశీ డబ్బు అయిపోదు. భారత పౌరుడు, అంటే మన పాస్‌పోర్టు ఉన్నవాడు, తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. హెచ్1బీ మీద ఉన్నా, గ్రీన్‌కార్డు వచ్చినా ఇంకా మన పౌరుడే. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడిది మాత్రం, పేరు అప్పారావే అయినా, చేతిలో మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, చట్టం దృష్టిలో విదేశీ డబ్బే. డాలస్‌లో ఇరవయ్యేళ్లుగా ఉన్నవాళ్లలో చాలామంది ఈపాటికి అటు మారిపోయి ఉంటారు. అందుకని ఎవరి దగ్గర ఏ పాస్‌పోర్టు ఉందో ముందు అడగండి. మొహమాటపడితే మునిగేది మీరు.

ఇంకో చిక్కుంది. పదిమంది దగ్గర వసూలు చేసి ఒకరి ఖాతాలోంచి పంపడం మనవాళ్లకు అలవాటు, గుడికైనా బడికైనా. అలా వద్దు. అది ఎవరి సొంత పొదుపు అంటే మీ దగ్గర సమాధానం ఉండదు. అక్కడి తెలుగు సంఘం పేరు మీద వస్తే అది విదేశీ సంస్థే. ఎవరికి వాళ్లు తమ ఖాతాలోంచి పంపాలి, పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ మీ ఫైల్లో ఉండాలి. భార్యాభర్తల జాయింటు ఖాతా అయి, వాళ్లలో ఒకరు అక్కడి పౌరులైతే అది కూడా వదులుకోండి. ఇదంతా మీ ఆడిటర్ గారి ముందు కూర్చుని ఒకసారి సరిచూసుకోండి. మామూలుగా జీఎస్టీ రిటర్నులు వేసే ఆడిటరు కాకుండా ఈ చట్టం చూసిన మనిషి దొరికితే మరీ మంచిది.

యూట్యూబ్ డబ్బుకు మాత్రం భయపడక్కర్లేదు. అది గూగుల్ మీకు దానం చేస్తున్నది కాదు, వ్యాపారంలో మామూలుగా వచ్చే ప్రతిఫలం. చట్టమే దాన్ని విదేశీ విరాళం నిర్వచనంలోంచి తప్పించింది. మీలో ఎవరైనా బయటి దేశపు పత్రికకు కథనం రాసి పారితోషికం తీసుకున్నా అది చేసిన పనికి కూలీ. కాగితాలు మాత్రం ఉండాలి.

ఇప్పుడు మీ నాలుగో మిత్రుడి భయం గురించి. ఆయన చెప్పేదాంట్లో సగం చట్టం. మిగతా సగం గురించి నా అనుభవం ఒకటి చెబుతాను.

చాలా ఏళ్ల కిందట ఒక స్వచ్ఛంద సంస్థ తెచ్చే ఆరోగ్య మాసపత్రికలో పనిచేశాను. వార్తలు కావు, పల్లెల్లో పంచే సమాచార పత్రిక. డబ్బు బయటి దేశం నుంచి వచ్చేది. జీతం ఒకటో తారీఖునే పడేది, అంతకుముందు చేసిన ఏ పేపర్లోనూ అలా పడలేదు. ఆఫీసులో బీరువాకు, కుర్చీలకు, ఆఖరికి మంచినీళ్ల ఫిల్టరుకు కూడా దాత లోగోతో ఒక స్టిక్కరు, దాని మీద నంబరు. మూడు నెలలకోసారి రిపోర్టు. పోషకాహారం మీద నెలకు ఆరు వ్యాసాలు, ఎంతమంది చదివారు, వాళ్లలో మహిళలెందరు. ఒకసారి ఒక ఊరినుంచి పాఠకురాలు ఉత్తరం రాసింది, బోరునీళ్లు తాగి పిల్లల పళ్లు గారపట్టిపోతున్నాయని. నేను వెళ్లి చూసి రాసుకొచ్చాను. ఎవరూ వేయొద్దనలేదు. ‘ఇది ఏ కాలమ్‌లోకి వస్తుంది?’ అనడిగారు, అంతే. ఆ ప్రాజెక్టులో నీళ్లకు కాలమ్ లేదు. ఆ కథనం రెండు సంచికలు ఆగి, చివరికి సగం పేజీకి కుదించుకుపోయి వచ్చింది. మూడో ఏడు మార్చి 31తో గ్రాంటు అయిపోయింది. ఏప్రిల్లో ఒక మనిషి రిజిస్టరు పట్టుకొచ్చి స్టిక్కర్ నంబర్లు చూసి టిక్కులు పెట్టుకుంటుంటే, నేను కూర్చున్న కుర్చీ నంబరు కోసం లేచి నిలబడ్డాను. పత్రిక ఆగిపోయినందుకు ఒక్క పాఠకుడూ ఫోన్ చేయలేదు. వాళ్లు ఎప్పుడూ దానికి రూపాయి కట్టలేదు మరి.

దాత ఫోన్ చేసి ఫలానాది రాయమనడం నేనైతే చూడలేదు. చూసిందల్లా మనమే ఆ గళ్లకు తగ్గట్టు ఆలోచించడం మొదలుపెట్టడం. పేపర్లో యాడ్ టార్గెట్ ఉన్నప్పుడు షాపు ఓనరు మీద వార్త రాయడానికి చెయ్యి ఎలా ఆగేదో మీకు తెలుసు కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే ఏసీ గదిలో.

అలాగని విదేశీ సాయం తీసుకున్నవాళ్లంతా అమ్ముడుపోయారని అనడం అన్యాయం. ఉక్రెయిన్ సంగతి చూడండి. 2025 జనవరి 20న ట్రంప్ ప్రమాణస్వీకారం చేసిన రోజే అమెరికా విదేశీ సాయాన్ని 90 రోజుల పాటు ఆపేస్తూ సంతకం పెట్టారు. అమెరికా ప్రభుత్వ సాయసంస్థ యూఎస్‌ఎయిడ్ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం 30కి పైగా దేశాల్లో 6,200 మంది జర్నలిస్టులకు, 707 ప్రైవేటు వార్తాసంస్థలకు ఆ సాయం అందేది. 2025 బడ్జెట్‌లో స్వతంత్ర మీడియా కోసం పెట్టిన మొత్తం 26.8 కోట్ల డాలర్లు. ఉక్రెయిన్‌లో పదింట తొమ్మిది వార్తాసంస్థలు ఏదో ఒక సబ్సిడీ మీదే బతుకుతున్నాయని, వాటికి పెద్ద దాత యూఎస్‌ఎయిడేనని పత్రికాస్వేచ్ఛ కోసం పనిచేసే రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ అప్పుడు చెప్పింది. వాళ్లేమీ సోమరులు కాదు. ఊళ్ల మీద బాంబులు పడుతుంటే యాడ్ ఎవడిస్తాడు? ఆ డబ్బు లేకపోతే ఆ కథనాలు రాసేవాళ్లే ఉండేవాళ్లు కాదు. కానీ వాషింగ్టన్‌లో ఒక సంతకంతో అక్కడ ఉక్రెయిన్‌లో జీతాలు ఆగిపోయాయన్నదీ నిజమే. ఆ ఏడాది జులై 1కి యూఎస్‌ఎయిడ్ సాయం ఇవ్వడమే మానేసింది, మిగిలిన పనులు అమెరికా విదేశాంగ శాఖలో కలిసిపోయాయి. మీ హైదరాబాద్ మిత్రుడు చెప్పే గ్రాంట్ల సముద్రం ఇప్పుడు బాగా ఇంకిపోయిందని దీన్నిబట్టి మీకు అర్థమయ్యే ఉంటుంది.

మీరు నిజంగా చదువుకోవాల్సిన కథ మలేసియాది. 1999 నవంబరులో స్టీవెన్ గాన్, ప్రేమేష్ చంద్రన్ అనే ఇద్దరు మలేసియాకినీ అనే వెబ్‌సైటు పెట్టారు. అక్కడ పత్రికలకు ప్రభుత్వ లైసెన్సు కావాలి. కానీ పెట్టుబడుల కోసం ఇంటర్నెట్‌ను సెన్సార్ చేయబోమని అప్పటి ప్రధాని మహతీర్ మాటిచ్చి ఉన్నారు. ఆ సందులోంచి వీళ్లు దూరారు. మొదట్లో వాళ్లను నిలబెట్టింది బయటి డబ్బే. ఆగ్నేయాసియా పత్రికా స్వేచ్ఛా సంఘం ఒకటి విత్తనంగా కొంత ఇచ్చింది. తర్వాత స్వతంత్ర పత్రికలకు పెట్టుబడి పెట్టే ఒక అంతర్జాతీయ నిధి వాటా తీసుకుంది. ఆ నిధి వెనక జార్జ్ సోరోస్ డబ్బుందని 2001లో పెద్ద గొడవ. మనకు ఇప్పుడు వినపడే మాటే, పాతికేళ్ల కిందట అక్కడ వినపడింది. వాళ్లు చేసిన పని ఏమిటంటే 2002లో సైటుకు చందా పెట్టారు. ఉచితంగా చదువుతున్నవాళ్లు ఒక్కసారిగా తగ్గిపోయారు. అయినా వెనక్కి తగ్గలేదు. 2021 ఫిబ్రవరిలో, పాఠకులు రాసిన కామెంట్ల మీద కోర్టు ధిక్కారం కేసులో అక్కడి అత్యున్నత కోర్టు 5 లక్షల రింగిట్ల జరిమానా వేసింది. సైటు వాళ్లు జనాన్ని అడిగారు. కొన్ని గంటల్లో మొత్తం వచ్చేసింది. ఏళ్ల తరబడి చందా కట్టడం అలవాటైన పాఠకులు కాబట్టే.

ఫిలిప్పీన్స్‌లో రాప్లర్ అనే వార్తల వెబ్‌సైటుది ఇంకోదారి. అమెరికన్ సంస్థ ఒమిడ్యార్ నెట్‌వర్క్ పెట్టుబడి పెట్టిందన్న కారణం చూపి, మీడియా యాజమాన్యం విదేశీయుల చేతుల్లోకి వెళ్లిందంటూ 2018 జనవరిలో ఆ సంస్థ రిజిస్ట్రేషన్ రద్దుచేశారు. ఒమిడ్యార్ వాళ్లు తమ పెట్టుబడి పత్రాలను రాప్లర్ సిబ్బందికే దానంగా ఇచ్చేశారు. సంపాదకురాలు మరియా రెస్సాకు 2021లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అయినా ఆ రద్దును అప్పీళ్ల కోర్టు కొట్టేయడానికి 2024 దాకా పట్టింది. నోబెల్ వచ్చినవాళ్లకే ఆరేళ్లు. మన దగ్గర న్యూస్‌క్లిక్ అనే వార్తల వెబ్‌సైటు ఎడిటర్‌ను 2023 అక్టోబరులో విదేశీ నిధుల ఆరోపణల మీద అరెస్టు చేశారు. ఆ అరెస్టు చెల్లదని 2024 మే 15న సుప్రీంకోర్టు చెప్పేదాకా ఆయన జైల్లోనే ఉన్నారు. కోర్టుకెక్కడానికి మీ చేతిలో ఏముంది? యూట్యూబ్ ఇచ్చే ఇరవై వేలు. అందుకే మీ మిత్రుడి భయాన్ని నేను తోసిపుచ్చడం లేదు.

పెట్టుబడి సంగతి ఎవరైనా ఎత్తితే, డిజిటల్ వార్తాసంస్థల్లో 26 శాతం దాకా, అదీ కేంద్రం అనుమతితో విదేశీ పెట్టుబడి పెట్టొచ్చని 2019లో నిర్ణయించారు. అది మీ స్థాయి వ్యవహారం కాదు, వదిలేయండి.

అంతర్జాతీయ సాయం మన పల్లెకు వచ్చి నిలబడిన సందర్భం ఒకటి లేకపోలేదు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు నడిపే సంఘం రేడియోకు మొదట్లో యునెస్కో చేయూతనిచ్చింది. ఐక్యరాజ్యసమితి సంస్థలను ఎఫ్‌సీఆర్‌ఏ విదేశీ మూలంగా లెక్కించదు. ఆ ఆడవాళ్లు పరికరాలు చేతికొచ్చాక కూడా లైసెన్సు కోసం ఏళ్లు వేచి, 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలుపెట్టారు. విత్తనాలు, పంటలు, పాటలు, పండగలు. వార్తలు మాత్రం చెప్పకూడదు, కమ్యూనిటీ రేడియోకు సొంత వార్తలు నిషిద్ధం. మళ్లీ అక్కడికే వచ్చాం చూశారా.

మరి మీకేది దారి? చందా.

మన భాషలో ఈ మాటకు రెండు అర్థాలున్నాయి. వినాయక చవితికి ఇంటింటికీ తిరిగి వసూలు చేసేదీ చందాయే, పత్రికకు ఏడాదికి కట్టేదీ చందాయే. మొదటిది ఇచ్చినవాడు మండపం దగ్గర ప్రసాదం తీసుకుని మర్చిపోతాడు. రెండోది కట్టినవాడు పేపరు ఒకరోజు రాకపోతే ఏజెంటును నిలదీస్తాడు. మీకు కావలసింది నిలదీసేవాళ్లు. నెలకు వంద చొప్పున మూడొందల మంది కడితే ముప్పై వేలు, యూట్యూబ్ మీకిచ్చేదానికంటే ఎక్కువ. మూడొందల మంది ఎక్కడున్నారంటారా? హాస్టల్ కథనం తర్వాత ఫోన్ చేసిన తల్లిదండ్రుల నంబర్లు మీ ఫోన్లోనే ఉంటాయి. ఇసుక లారీల ఫొటోలు అర్ధరాత్రి వాట్సాప్‌లో పంపినవాళ్లున్నారు. టీచర్లు, లాయర్లు, రిటైరైన ఉద్యోగులు, మందుల షాపు వాళ్లు. ఒక్కొక్కరికి ఫోన్ చేసి అడగండి. వీడియో చివర ‘సపోర్ట్ చేయండి’ అని క్యూఆర్ కోడ్ చూపిస్తే ఎవరూ కట్టరు. యూపీఐలో ఆటోపే పెట్టించండి, లేకపోతే ప్రతినెలా గుర్తుచేయడంలోనే మీ జీవితం అయిపోతుంది. కట్టినవాళ్లకు ఏదో ఒకటి ముందుగా అందాలి. వారానికోసారి జిల్లాలో టెండర్లు, జీవోలు, కోర్టు తీర్పుల మీద రెండు పేజీల నోట్ పంపినా చాలు. మూడు నెలలకోసారి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది సైటులో పెట్టండి. ‘ఎవరి డబ్బుతో నడుస్తున్నావ్’ అని ఎమ్మెల్యే మనుషులు అడిగిన రోజున ఆ పేజీ లింకు ఇస్తే సరిపోతుంది.

దేశంలోనే దాతలు లేకపోలేదు. బెంగళూరులో 2015 నుంచి ఉన్న ఇండిపెండెంట్ అండ్ పబ్లిక్ స్పిరిటెడ్ మీడియా ఫౌండేషన్ ఇక్కడి దాతల డబ్బుతోనే చిన్న వార్తాసంస్థలకు సాయం చేస్తూ వచ్చింది. 2022 సెప్టెంబరులో ఆదాయపన్ను వాళ్లు దాని తలుపూ తట్టారనుకోండి. అయినా ప్రయత్నించవచ్చు. ఒకవేళ వస్తే ఆ డబ్బును జీతాలకు కాకుండా కెమెరాకో, లాయర్ ఫీజుకో, ఒక పెద్ద పరిశోధనకో వాడండి. అది ఆగిన రోజున ఎవరి ఇంట్లోనూ పొయ్యి ఆరకూడదు.

సంస్థను కంపెనీగానో ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం)గానో నమోదు చేసుకుని పన్ను కట్టండి. లాభాపేక్ష లేని సంస్థగా ఉంటే పన్ను మినహాయింపు వస్తుందన్న ఆశ పెట్టుకోకండి. పరిశోధనాత్మక కథనాలు రాసే రిపోర్టర్స్ కలెక్టివ్ అనే జర్నలిస్టుల బృందానికి ఆ హోదాను 2025లో తీసేశారు. వాళ్ల జర్నలిజం ప్రజాప్రయోజనం కిందికి రాదన్నారట! అలాంటి టెన్షన్ మీకెందుకు.

డాలస్ వాళ్లకు ఏం చెప్పాలో తెలియక ఇబ్బంది పడతారేమో. వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టండి:

‘అన్నలూ, అక్కలూ, మీ అభిమానానికి థాంక్స్. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మాత్రమే, ఎవరికి వాళ్లు, సొంత ఖాతాలోంచి పంపండి. పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ కూడా కావాలి, ఏమీ అనుకోవద్దు. అమెరికా పౌరసత్వం వచ్చినవాళ్లు దయచేసి డబ్బు పంపకండి, ఊళ్లో ఎవరి చేతా ఇప్పించకండి కూడా. వీడియోలు పూర్తిగా చూడండి, యాడ్ వస్తే స్కిప్ చేయకండి. ఊళ్లో ఉన్న మీ తమ్ముడు మా చానల్ రోజూ చూస్తాడు, నెలకు వంద చందా కట్టమంటే నవ్వి ఊరుకుంటున్నాడు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి కాస్త అడగండి.’